లమ్తపుట్ దారిలో రేసు ఎందుకు నిలవలేదంటే

ముప్ఫై ఏళ్ళకి పైగా రోడ్లు వేయించే పనిలో ఉన్నాను. ఇంజినీరుని కాను. ఇంజినీరు కాగితం మీద గీసిన గీత నేల మీద తారుగా మారేవరకూ కూలీల పక్కన ఎండలో నిలబడి అరిచేవాణ్ణి. ఒడిశాలోని మా కొరాపుట్‌లో ఆ ఉద్యోగాన్ని వర్క్ సర్కారు అంటారు. పేరులో సర్కారు ఉందని మా ఆవిడ పెళ్ళిచూపుల్లో మురిసిపోయిందిట. తరవాత నా చొక్కాల మీద తారు మరకలు ఉతికి ఉతికి ఆ మురిపెం తీరిపోయింది.

నాకు కోపం ఎక్కువని మా ఆఫీసులో చెప్పుకుంటారు. నిజమే. నా స్థానంలో ఎవరున్నా కోపమే వస్తుంది. నాకు రోడ్డు వేయడం వచ్చు. వేసిన రోడ్డుని నాలుగు రోజులు కళ్ళారా చూసుకోవడం మాత్రం నా నుదుట రాయలేదు. ఇవాళ రోలరు వెళ్ళిపోతే రేపు నీళ్ళ పైపు వాళ్ళు వస్తారు. వాళ్ళు పూడ్చీ పూడ్చకుండా వెళ్ళగానే ఫోను తీగ వాళ్ళు దిగుతారు. ఒకసారి జయపురంలో వీధి రోడ్డు వేసి సాయంత్రం టీ తాగి వచ్చేసరికి, ఒక కిరాణా వ్యాపారి కూతురి పెళ్ళికి శామియానా గుంజల కోసం గునపంతో పొడుస్తున్నారు. తారింకా చల్లారలేదు. ఆ గునపం నా పొట్టలో దిగినట్టయింది. పెళ్ళికూతురి తండ్రి నన్ను చూసి, మనూరివాళ్ళే అని ఆనందపడి లడ్డూ చేతిలో పెట్టాడు. తిన్నాను, కోపంగానే తిన్నాను.

అందుకని నాకొక కోరిక ఉండేది. రిటైరయ్యేలోగా నేను వేయించిన ఒక్క రోడ్డు, ఒక్కటంటే ఒక్కటి, గునపం పోటు పడకుండా, గుంత లేకుండా, గడ్డ లేకుండా, వేసింది వేసినట్టు ఉంటే చూడాలి. పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాయి, ఇల్లు కట్టుకున్నాం, దేవుడి దయ వల్ల షుగరు కూడా అదుపులో ఉంది. ఇంక మిగిలింది ఈ కోరికే. అది కూడా తీరుతుందనిపించింది, మా వైపు కారు రేసు వస్తుందన్న రోజున.

అది నాలుగైదు దేశాలవాళ్ళు పాల్గొనే కొండదారి రేసు. పైవాళ్ళెవరో మా ఘాట్ రోడ్లని ఫోటోల్లో చూసి ముచ్చటపడ్డారట. రేసుకి దారి సరిపోతుందో లేదో చూసే పెద్దాయన ఒకాయన విదేశం నించి వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి, మోకాళ్ళ నిక్కరు, మెడలో స్కేలూ టేపూ వేలాడుతూ ఉంటాయి. మేమందరం ఆయన్ని రేసాయన అనేవాళ్ళం. నాకు తెలుగూ, ఒడియా, సంతలో మాట్లాడే దేశియా, హిందీ, కాస్త ఇంగ్లీషూ వచ్చని ఆయన్ని తిప్పే పని నాకు అప్పజెప్పారు. నా ఇంగ్లీషు టెండరు కాగితాల మీద నేర్చుకున్నది. అందుకని జీపెక్కమని చెప్పాలన్నా, కైండ్లీ అక్యుపై ద వెహికిల్ ఫోర్త్‌విత్ అనేవాణ్ణి. ఆయన కంగారుపడి ఎక్కేసేవాడు.

మొదట రాయగడ వైపు తీసుకెళ్ళాను. అక్కడి మన తెలుగు వ్యాపారులు రేసాయనకి శాలువా కప్పి, రేసు మా బజారులోంచే మొదలవ్వాలన్నారు. బజారులో ఎక్కడ అనేసరికి బట్టల కొట్టాయన తన కొట్టు ముందన్నాడు, స్టీలు సామాన్ల కొట్టాయన తన కొట్టు ముందన్నాడు. వాళ్ళు తేల్చుకునేలోగా మేం మునిగుడ వైపు రోడ్డు చూసి వద్దామని బయల్దేరాం. రోడ్డు మంచిదే. కానీ దారిలో రైలు గేటొకటి పడి ఉంది. పావుగంట ఆగాం.

"రేసు రోజున గేటు పడితే?" అని అడిగాడు రేసాయన.

"గూడ్సు వెళ్ళేదాకా ఆగాలి."

"రేసు కూడానా?"

"రేసు కూడా."

ఆయన పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

తరవాత కుందుర వైపు వెళ్ళాం. అది బల్లపరుపు రోడ్డు, నాకు ఇష్టమైనది. అయితే మేం వెళ్ళినవి కోతలైన రోజులు. ఒక వరస అంతా చోళ్ళ కంకులు, అదే రాగి కంకులు, రోడ్డు మీద పరిచి ఉన్నాయి. వచ్చే పోయే బళ్ళ చక్రాలే నూర్చిపెడతాయి. కళ్ళం ఊడ్చి అలికే పని కూడా తప్పుతుంది. రేసాయన దిగి, ఇవి ఎప్పుడు తీస్తారని నా చేత అడిగించాడు. కంకులు తిరగేస్తున్న దేశియా ఆడమనిషి నాకే ఎదురు ప్రశ్నలేసింది. రేసు కార్లు ఎన్ని? బరువైనవేనా? ఒక్కసారే వెళ్తాయా, మళ్ళీ వెనక్కి కూడా వస్తాయా? వెనక్కి కూడా వచ్చేటట్టయితే తమ ఊరి పంటంతా ఆ రోజుకే ఉంచుతామంది. ఈసారి రేసాయన చాలాసేపు రాసుకున్నాడు.

చివరికి లమ్తపుట్ వైపు ఘాట్ రోడ్డు చూపించాను. మలుపులు, ఎత్తు, ఒక పక్క లోయ. ఆయన కళ్ళు మెరిశాయి. రోడ్డు మాత్రం గుంతలమయం. "కొత్తగా వేస్తే పనికొస్తుంది" అన్నాడు. నా కళ్ళు కూడా మెరిశాయి.

ఆ రోడ్డు మీదే మా పిన్ని టిఫిను హోటలు. హోటలంటే రేకుల పాక, రెండు బల్లలు, ఒక పొయ్యి. పొద్దున్న ఇడ్లీ, తరవాత బొండాలు, లారీవాళ్ళ కోసం బరా అనే ఒడియా గారెలు, బఠాణీల ఘుగుని. నా చిన్నప్పుడే మా అమ్మ పోతే నన్ను పెంచింది ఈ పిన్నే. ఆవిడకిప్పుడు డెబ్భై దాటాయి. మోకాళ్ళు పట్టేశాయి గానీ నోరు ఎక్కడా పట్టెయ్యలేదు. రేసాయన్ని బల్ల మీద కూర్చోబెట్టాను. ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"ఏట్రా బాబూ, ఈయన ఈ బల్ల మీద పట్టలేదు. ఇంతకీ ఏటి పన్జేత్తాడు?" అంది పిన్ని.

"కారు రేసుకి సోటు ఎతుకుతన్నాడు పిన్నీ."

"ఇన్నాల్లూ ఎక్కడాడేరు మరి? ఆ సోటుకేటైంది?"

అది నాకూ తెలీదు. అడిగాను. రేసాయన బొండా నములుతూ చెప్పుకొచ్చాడు. ఒక ఊళ్ళో చప్పుడికి పిల్లలు పడుకోవట్లేదని జనం ఊరేగింపు తీశారు. ఇంకో ఊళ్ళో పాత నాయకుడు తెచ్చిన రేసని కొత్త నాయకుడు పంపించేశాడు. మరో చోట రేసు వస్తోందని చుట్టుపక్కల భూముల ధర పెరిగి, రేసు నడిచే భూమినే అమ్మేసుకుని అపార్టుమెంట్లు కట్టారు. మొదటేడాది దండలేస్తారు, రెండో ఏడాది బేరమాడతారు, మూడో ఏడాది తలుపు తియ్యరు అన్నాడు. నేను తెలుగులో చెబుతుంటే పిన్ని గరిటె ఆపి విన్నది.

"అద్దెకుండేవోల్లలాగ సామాన్లట్టుకుని తిరగతన్నారన్నమాట. అయ్యో పాపం" అని ఇంకో రెండు బొండాలు ఆయన ఆకులో వేసింది. వద్దన్నా ఒప్పుకోలేదు.

మూడు నెలల్లో రోడ్డు పడింది. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ రోడ్డూ వేయించలేదు. తారు వేడి నేనే చూసుకున్నాను. కంకర పరిమాణం తేడా వస్తే లారీనే వెనక్కి పంపాను. రోలరు డ్రైవరు నన్ను చూస్తే దణ్ణం పెట్టి పారిపోయేవాడు. పని పూర్తయిన రోజు మలుపు పైన నిలబడి చూశాను. నల్లగా నిగనిగలాడుతూ కొండ చుట్టూ తిరిగి కిందకి దిగుతోంది. నాకు నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా చూస్తారని తారు పొగ అని చెప్పాను. తారు పొయ్యి ఆర్పి అప్పటికి గంటయింది.

రేసాయన మర్నాడు పొద్దున్న పరీక్షకి వస్తాడు. రోడ్డు నచ్చితే అక్కడే ఒప్పందం మీద సంతకం. మూడేళ్ళు రేసు అక్కడే. ఆ మూడేళ్ళూ రోడ్డు మీద గునపం పడకూడదు, తవ్వకూడదు, స్పీడ్ బ్రేకరు వెయ్యకూడదు, వేసింది వేసినట్టు ఉంచాలి. నా సర్వీసు కూడా సరిగ్గా మూడేళ్ళే మిగిలి ఉంది. ఆ కాగితాన్ని నేను పదిసార్లు చదువుకున్నాను. మా ఆవిడ రాసిన ఉత్తరాలు కూడా అన్నిసార్లు చదవలేదు.

చుట్టుపక్కల జనమంతా రోడ్డు చూడ్డానికి వచ్చారు. సెల్ఫీలు దిగారు. కొందరు రోడ్డు మీద పడుకుని రీళ్ళు తీసుకున్నారు. ఆ ఫోటోలు మా ఆవిడ ఫోనుకీ వచ్చాయి.

"ఇంతమంది కల్లు పడ్డాయి కదండీ, దిష్టి తియ్యకుంటే ఎలాగ?" అంది.

నిజమే కదా అనిపించింది. కొత్త లారీ కొంటే గుమ్మడికాయ కొడతాం. ఇల్లు కడితే కొడతాం. కిరాణా కొట్టు అద్దాలు మార్చినా కొడతాం. ఇంత రోడ్డుకి కొట్టకపోతే అన్యాయం. మర్నాడు తెల్లారగానే మంచి బూడిద గుమ్మడికాయ తీసుకుని, కన్నం చేసి దాన్నిండా కుంకుమ కూరి, అన్నిటికంటే అందమైన మలుపు దగ్గరకి వెళ్ళి, మూడుసార్లు తిప్పి, రోడ్డు నడిమధ్యలో బద్దలుకొట్టాను. గింజలూ, గుజ్జూ, ఎర్రనీళ్ళూ రోడ్డు సగం వరకూ చిమ్మాయి. నాకు ప్రాణం కుదుటపడింది. వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి చూడకుండా పిన్ని హోటలుకి నడిచి వెళ్ళిపోయాను.

రేసాయన చెప్పిన టైముకంటే ముందే వచ్చాడు. పైనించి కారులో రేసు వేగంతోనే దిగుతూ వచ్చాడట. మలుపు తిరగగానే రోడ్డంతా ఎరుపు. ఎవరో మనిషి పోయాడనుకుని బ్రేకు తొక్కాడు. గుజ్జు మీద చక్రాలు జారి, కారు గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, వెనక చక్రం కాలవలో పెట్టుకుని ఆగింది. చప్పుడు విని నేను పరిగెత్తి వెళ్ళేసరికి ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, తలొంచుకుని, గుమ్మడికాయ ముందు నిలబడి ఉన్నాడు.

"సర్, నాట్ ఏ పర్సన్. వెజిటబుల్" అన్నాను.

ఆయన వంగి చూశాడు. ఒక గింజ తీసి వాసన చూశాడు. "ఎవరు వేశారు?"

"నేనే సర్."

"ఎందుకు?"

దిష్టిని ఇంగ్లీషులో ఏమనాలో ఏ టెండరులోనూ చదవలేదు. రోడ్డుకి ఏ కీడూ జరక్కుండా అని చెప్పాలి. "రోడ్ సేఫ్టీ" అన్నాను.

ఆయన కాలవలో ఉన్న తన కారు చక్రాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ చక్రాన్ని చూశాడు. నా రోడ్డు నా చేతిలోనే పోయిందనుకున్నాను. ఆయన్ని పిన్ని హోటలుకి తీసుకెళ్ళాను. పిన్ని నన్ను ఆయన ముందే అరగంట తిట్టింది. ఆ తిట్లకి అనువాదం అక్కర్లేకపోయింది. నా మొహం చూసి ఆయనకి జాలేసినట్టుంది. నాలుగు ఇడ్లీలు తిని సంతకం పెట్టాడు. కాకపోతే ఒప్పందం చివర్లో పెన్నుతో ఒక మాట చేర్చాడు, రోడ్డు మీద కూరగాయలు పగలగొట్టరాదని. ఆ కాగితం ఇప్పటికీ మా ఆఫీసు ఫైల్లో ఉంది. కొత్తగా వచ్చిన ఇంజినీర్లు అది చదివి నన్ను పిలిపించేవారు.

రేసు రానే వచ్చింది. చద్దన్నాలు కట్టుకుని పొద్దున్నించి వేలమంది రోడ్డు పక్కన కొండల మీద కూర్చున్నారు. కార్లు రయ్యిమని పోయాయి. ఒక్కోటీ కనిపించిందనుకునేలోగా లేదు. ఒక ముసలాయన, ఇప్పుడు పోయింది రేసా, రేసుకి దారి చూపించే బండా అని అడిగాడు. పిన్ని అయితే బొండాలు తియ్యడానికి వంగి లేచేసరికి అంతా అయిపోయింది. "ఈ మాత్రానికి అంత దూరం నించి వచ్చేరేటి, పాపం" అంది. కానీ ఎవరికీ ఏమీ కాలేదు, రోడ్డుకీ ఏమీ కాలేదు. అందరూ వెళ్ళాక నేను మలుపుల వెంట నడిచి అంగుళం అంగుళం చూసుకున్నాను. రబ్బరు గీతలు తప్ప ఒక్క గీరు లేదు.

అసలు రేసు ఆ తరవాత మొదలైంది. నున్నటి రోడ్డు పడిందని తెలిసేసరికి జీపులు, లారీలు, మోటారు సైకిళ్ళ మీద కుర్రాళ్ళు, అందరూ రేసు తోలేవాళ్ళే. మునుపు గంట పట్టే దారి ఇరవై నిమిషాలయింది. కోళ్ళు పోయాయి, ఒక మేక పోయింది. మా వైపు మేక పోతే ఏం చేస్తారో అందరికీ తెలుసు. అర్జీ పెట్టరు, ఆఫీసుకి రారు. ఊరంతా కలిసి, పారలు పట్టుకుని, రాళ్ళూ మట్టీ వేసి, రోడ్డుకి అడ్డంగా గట్టు కట్టేస్తారు. మధ్యాహ్నం భోజనాల వేళకి పూర్తయిపోతుంది.

ఆ దారిలో ఆరు ఊళ్ళున్నాయి. ఆరూళ్ళకీ వెళ్ళాను. ఇది మామూలు రోడ్డు కాదు, అంతర్జాతీయ రోడ్డు, గట్టు కడితే దేశం పరువు పోతుందని దేశియాలో చెప్పాను. ఒక చోట కట్టేసిన మట్టిగట్టుని నేనే పార తీసుకుని పెకలించాను. బదులుగా 'నెమ్మదిగా పొండి' అని పెద్ద బోర్డులు పెట్టించాను. బోర్డు మీద ఏముందో చదవడానికి కుర్రాళ్ళు ఇంకా వేగంగా దగ్గరకొచ్చేవారు. ఒక ఊరి పెద్ద నా మాటలన్నీ ఓపిగ్గా విని, తాపీగా అన్నాడు, "మునుపు గుంతలుండేవి, బళ్ళు మెల్లగా పోయేవి. ఆ గుంతలు మీరు పూడ్చేశారు బాబూ. ఇప్పుడు వాటి పని ఎవరు చేస్తారు?"

ముప్ఫై ఏళ్ళలో నన్ను ఏ ఇంజినీరూ ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు. కోప్పడి వచ్చేశాను.

ఏడాది తిరిగిపోతోంది. రోడ్డు వేసింది వేసినట్టే ఉంది. రేసాయన రెండో పరీక్షకి ఇంకో పది రోజుల్లో వస్తున్నాడని కబురొచ్చింది. ఒకసారి చూసుకుందామని మోటారు సైకిలు మీద బయల్దేరి, పిన్ని హోటలుకి కాస్త ఎగువన, మలుపు దగ్గర ఆపాను. అక్కణ్ణించి హోటలూ, రోడ్డుకి అవతల ఉన్న చేతి బోరింగూ రెండూ కనిపిస్తాయి. హోటలుకి నీళ్ళంటే ఆ బోరింగు నీళ్ళే.

పిన్ని బోరింగు వైపు నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర నిండు బిందె. ఒక లారీ పోయింది. పిన్ని వంగి బిందె నడుముకెత్తుకుని ఒక్కడుగు వేసింది. మలుపులోంచి జీపొచ్చింది. అడుగు వెనక్కి తీసుకుని బిందె దించింది. మళ్ళీ ఎత్తింది. రెండు మోటారు సైకిళ్ళు. మళ్ళీ దించింది. అలా నాలుగుసార్లో అయిదుసార్లో చూశాను. ఆఖరికి సగం రోడ్డు దాకా వచ్చి, హారను మోగితే కంగారుపడి వెనక్కి తిరిగింది. మోకాలు మడతపడి అంచు మీద కూలబడిపోయింది. బిందె దొర్లింది. నీళ్ళు నా నల్లటి రోడ్డు మీద ఎక్కడా ఆగకుండా జారిపోయాయి. అంత నున్నగా వేయించాను మరి.

నేను వెళ్ళి లేవదీశాను. దెబ్బేం తగల్లేదు. మోచేయి గీరుకుంది. నన్ను చూసి ఉలిక్కిపడింది, నేనేదో దొంగతనం చూసేసినట్టు.

"ఎన్నాల్ల నించి పిన్నీ ఇలాగ?"

"ఎలాగ? ఏటైందిప్పుడు? కాలు జారింది."

"నాకెందుకు సెప్పలేదు?"

పిన్ని దొర్లిన బిందె కోసం వంగింది. పక్క పాకలో సైకిలు పంచర్లేసేవాడు బయటకొచ్చి చెప్పాడు. రెణ్ణెల్ల కిందటే చుట్టుపక్కలవాళ్ళు పారలు పట్టుకుని వచ్చారట. ముసలమ్మ దాటలేకపోతోందని ఇక్కడొక గట్టు కడతామన్నారట. పిన్ని పొయ్యిలో కర్ర తీసుకుని అందరినీ తరిమేసిందట. మా బాబు రోడ్డు మీద ఎవడైనా పార ఏత్తే ఊరుకోనని అరిచిందట. ఆ రోజు నించి ఆవిడకి భయపడి వాళ్ళెవరూ గట్టు మాట ఎత్తలేదు.

"నీ రోడ్డు కదరా" అంది పిన్ని మెల్లగా. "నాను సెప్తే నువ్వు ఆగుతావేటి? రోడ్డు తవ్వేత్తావు. సిన్నప్పట్నించీ నీకు ఏదీ నిలబడ్లేదు. ఇదొక్కటైనా ఉండనీ అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఈసారి తారు పొగ అని చెప్పడానికి చుట్టుపక్కల తారు పొయ్యి కూడా లేదు. ఏడాది పాటు ఆరూళ్ళు తిరిగి దేశం పరువని ఉపన్యాసాలిచ్చాను. వాళ్ళ మేకల గురించి వాళ్ళు మొత్తుకుంటే వినలేదు. మా పిన్ని పడితే గానీ నాకు కనబడలేదు. సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు ఇంకా కోపమొస్తుంది. ఆ కోపంలోనే ఆఫీసుకి వెళ్ళాను.

మా ఇంజినీరు అంతా విన్నాడు. "రాతలో నేనేమీ ఇవ్వను. వారం రోజులు భువనేశ్వర్‌లో మీటింగులో ఉంటాను. ఆ వైపు రాను" అన్నాడు. అంతకంటే మంచి అనుమతి ప్రభుత్వంలో దొరకదు.

మర్నాడు పొద్దున్న కూలీలతో వెళ్ళాను. పిన్ని కర్ర తీసుకుని బయటకొచ్చింది. నేనని చూసి కర్ర దించి, తిట్లు మొదలుపెట్టింది. తిడుతుండగానే సుద్దగీత గీశాను. రోడ్డు పైపొర పట్టు కోసం గునపంతో గాట్లు పెట్టాలి. కూలీ గునపం ఎత్తాడు. ఆపి, నేనే తీసుకున్నాను. ఎవరో వేసే పోటు అయితే నేను తట్టుకోలేను. మొదటి పోటు దిగగానే పిన్ని కర్ర కింద పారేసింది. లోపలికెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుంది. ఎత్తూ వెడల్పూ కొలిచి, తారు పోసి, వాలు చేత్తో సరిచేసి, తెల్లచారలు వేయించాను. చెయ్యాల్సిందే అయినప్పుడు వంకరగా ఎందుకు చెయ్యాలి?

పిన్నికి వేశాక మిగతా ఊళ్ళకి ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? వారం తిరిగేసరికి ఆరూళ్ళలోనూ వేశాను. గుంతల పని ఎవరు చేస్తారని అడిగిన ఊరి పెద్ద నన్ను అరుగు మీద కూర్చోబెట్టాడు. చోడంబలి రెండుసార్లు పోశాడు.

రేసాయన వచ్చిన రోజున నేను ముందు సీట్లో కూర్చున్నాను. మొదటి గట్టు దగ్గర కారు ఎగిరింది. "ఇదేమిటి?" అన్నాడు. "స్పీడ్ బ్రేకరు సర్" అన్నాను. రెండో దానికీ అడిగాడు. మూడో దానికి అడగలేదు, లెక్కపెట్టుకున్నాడు. అప్పుడప్పుడు పక్కకి తిరిగి నా మొహం చూసేవాడు. పిన్ని హోటలు ముందు ఆఖరిది, ఏడోది. అక్కడ కారు ఆపించి పుస్తకం తీశాడు.

"రేసుకి వారం ముందు తీసేసి, తరవాత మళ్ళీ వేసుకుంటారా?" అని అడిగాడు. ఆయనకీ ఈ దారి వదులుకోవాలని లేదు.

తీసిన చోట మచ్చ పడుతుంది, ఆ వేగంలో ఆ మచ్చ మీద చక్రం పడితే కారు లోయలోకి పోతుంది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. "కుదరదు సర్" అన్నాను.

"ఇవన్నీ ఎవరు వేశారు?"

"నేనే సర్."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే పిన్ని ఖాళీ బిందె పట్టుకుని రోడ్డు మీదకొచ్చింది. గట్టు మీద, తెల్లచారల మధ్య, కారుకెదురుగా ఆగింది. ఆయన చేతిలో పెన్ను చూసింది. కుర్చీలో ఉన్న అధికారి ఎవరిమీదో ఏదో రాస్తున్నాడంటే ఎవరికో ఉద్యోగం పోతోందని మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

"బాబూ, ఇది ఆడు నా కోసం ఏసేడు" అంది కారు అద్దంలోకి వంగి. "ఆడి పేరు రాయకు. ముప్పయ్యేల్లు రోడ్లకే పడి సచ్చేడు. నా పేరు రాసుకో. ముసల్ది కట్టించేసిందని రాసుకో."

రేసాయన పెన్ను ఆపి, ఆవిడేమంటోందని నన్ను అడిగాడు.

నేను పిన్ని చేతిలో ఖాళీ బిందె వైపు చూశాను.

"నీళ్ళకి వెళ్తోందిట సర్. కాస్త దారివ్వమంటోంది" అని చెప్పాను.

ఆయన డ్రైవరుకి చెప్పి కారు వెనక్కి తీయించాడు.